ఇంట్లో వెజ్ మోమోలు: ముందు నీళ్ల లెక్క చూసుకోండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. హనుమకొండలో ఉంటున్నారు. పిల్లలు బండి దగ్గర మోమోలు కావాలని తరచూ అడుగుతున్నారు, అందుకని ఇంట్లోనే రెండుసార్లు చేసి చూశారు. మొదటిసారి ఇడ్లీ రేకులకు అతుక్కుని అడుగు చిరిగింది, లోపలి కూర నీరుకారింది. రెండోసారి చిరగలేదు కానీ పళ్లెంలో పెట్టిన పది నిమిషాలకే తోలులా సాగాయి. ఎర్ర చట్నీ రెండుసార్లూ చేదెక్కింది. స్టీమరు కొనాలా, మైదా బదులు గోధుమపిండి వాడవచ్చా అని కూడా అడిగారు.

స్టీమరు అక్కర్లేదు, మీ ఇడ్లీ పాత్ర చాలు. మీరు చెప్పిన ఇబ్బందులన్నీ తిరిగి తిరిగి నీళ్ల దగ్గరికే వస్తున్నాయి. పిండిలో ఎన్ని పోశారు, కూరలో ఎన్ని మిగిలాయి, మూత మీద నుంచి ఎన్ని కారాయి, చట్నీ మిరపకాయలకు అసలు నీళ్లు తగిలాయా లేదా అన్నవే చూసుకోవాలి. మసాలాలు, సాసులు తరువాతి సంగతి.

నేను పన్నెండేళ్లుగా వారానికి ఒకసారైనా మోమోలు చేస్తున్నాను. నాలుగేళ్లుగా ఇంటి నుంచే ఆర్డర్లు కూడా తీసుకుంటున్నాను. నాకు నేర్పింది మా మేడ మీది గదిలో అద్దెకున్న సిక్కిం అమ్మాయి. ఇక్కడి ఎన్‌ఐటీలో పరిశోధన చేసేది. డిసెంబరులో ఒక ఆదివారం సాయంత్రం మా వంటింట్లో కింద కూర్చుని, చపాతీ పీట ముందు పెట్టుకుని, అరగంటలో నలభై మోమోలు చుట్టేసింది. పక్కనే కూర్చుని చూస్తున్న మా అత్తమ్మ ఒక పూరీ అందుకుని, మధ్యలో కూర పెట్టి మడిచి, అంచును బొటనవేలితో మలుస్తూ పోయారు. ఆమెకు తెలిసింది గరిజెలు చుట్టడం. కొన్ని చోట్ల కజ్జికాయలంటారు, అవే. ఆ అమ్మాయి తన చేతిలోది వదిలేసి అత్తమ్మ చేతులవైపే చూసింది. నెలవంక ఆకారం, అంచున అల్లిక, అచ్చం వాళ్ల ఊళ్లో చేసే ఒక రకం మోమోలాగే ఉందట. కాబట్టి చుట్టడం గురించి మీరు బెంగపెట్టుకోకండి. ఇంట్లో ఎవరికైనా గరిజెలు చుట్టడం వస్తే ఆ చేయి మోమోకు పనికొస్తుంది. వినాయక చవితికి కుడుములు ఆవిరి పట్టే ఇల్లయితే మిగతా సగం కూడా వచ్చినట్లే.

ఇక పిండి. 250 గ్రాముల మైదాకు అర చెంచా ఉప్పు, ఒక చెంచా నూనె, 125 మిల్లీలీటర్ల నీళ్లు. అంటే బరువులో పిండికి సగం నీళ్లు. ఇది కంటితో పోసే పని కాదు, మొదటి నాలుగైదుసార్లైనా కొలవండి. కలిపిన పిండి పూరీ పిండి కన్నా కాస్త మెత్తగా, చపాతీ పిండి కన్నా గట్టిగా ఉండాలి. మీరు మొదటిసారి చపాతీ పిండిలా మెత్తగా కలిపారని రాశారు. అతుక్కోవడానికి అదే మొదటి కారణం. పిండిలో ఎక్కువైన నీళ్లు ఆవిరిలో పైపొరను జిగురుగా మారుస్తాయి, ఆ జిగురు రేకును పట్టుకుంటుంది.

కలిపిన వెంటనే పిండి గరుకుగా, ముక్కలు ముక్కలుగా ఉంటుంది. ఆ దశలో ఇంకో రెండు చెంచాల నీళ్లు పోయాలని చేయి లాగుతుంది. పోయకండి. ఎనిమిది నిమిషాలు అరచేతి కింది భాగంతో నొక్కుతూ పిసికి, తడి గుడ్డ కప్పి అరగంట పక్కన పెట్టండి. ఆ అరగంటలో పిండి నీళ్లను పూర్తిగా పీల్చుకుంటుంది, పిసికినప్పుడు బిగుసుకున్న పిండిలోని జిగురు (గ్లూటెన్) సడలుతుంది. గుడ్డ తీసి వేలితో నొక్కితే గుంట మెల్లగా పైకి లేస్తుంది, పిండి ముట్టుకుంటే చెవి తమ్మెలా ఉంటుంది. ఈ అరగంట ఆగకుండా ఒత్తితే పూరీ మళ్లీ మళ్లీ ముడుచుకుపోతుంది. అప్పుడు విసుగొచ్చి మందంగానే వదిలేస్తాము. ఉడికాక రబ్బరులా సాగేవి ఎక్కువగా ఆ మందపు పూరీలే.

గోధుమపిండి వాడవచ్చు, కానీ పూర్తిగా గోధుమపిండితో మొదలుపెట్టకండి. అందులోని పొట్టు జిగురు సాగకుండా అడ్డుపడుతుంది, అంచులు మడిచేటప్పుడు చీలుతాయి. సగం మైదా, సగం జల్లించిన గోధుమపిండి తీసుకుని, బాగా వేడిగా ఉన్న నీళ్లు 140 మిల్లీలీటర్లు పోసి ముందు గరిటెతో, తరువాత చేత్తో కలపండి. వేడినీళ్లకు పిండి కొంత ముందే ఉడికి మెత్తబడుతుంది, చల్లారాక గట్టిపడటం తగ్గుతుంది. దీన్ని ముప్పావు గంట నాననివ్వాలి. మా ఇంట్లో ఇప్పుడు ఇదే చేసుకుంటాము, ఆర్డర్లకు మాత్రం మైదా. మైదా అసలే వద్దనుకునే వారు బియ్యప్పిండిని మరిగే నీళ్లలో ఉక్కించి అదే కూర పెట్టి చుట్టుకోవచ్చు. రుచిగా ఉంటుంది, కానీ అది కూర పెట్టిన కుడుము అవుతుంది. మోమో కోసం ఎదురుచూసే పిల్లల ముందు పెట్టే ముందు ఆ మాట చెప్పి పెట్టండి.

కూర దగ్గరే ఎక్కువమంది తప్పు చేస్తారు, కాబట్టి ఇక్కడ కాస్త నిలబడతాను. మోమో పుట్టింది టిబెట్, నేపాల్ కొండల్లో. 1959 తర్వాత టిబెట్ నుంచి శరణార్థులు మన దేశానికి వచ్చి స్థిరపడ్డాక డార్జిలింగ్, ధర్మశాల, ఢిల్లీ లాంటి చోట్ల నుంచి మిగతా ఊళ్లకు పాకింది. మొదట్లో లోపల పెట్టేది మాంసమే. మాంసంలో కొవ్వు ఉంటుంది. అది ఆవిరికి కరిగి కూరను తడిగా ఉంచుతుంది, మాంసం తనకు తానే ముద్దకడుతుంది. మనం అందులోంచి మాంసం తీసేసి క్యాబేజీ పెట్టాము. క్యాబేజీలో కొవ్వు లేదు, ముద్దకట్టే గుణం లేదు, ఉన్నదంతా నీళ్లే. అందుకే కూరగాయల మోమోకు రెండు పనులు తప్పనిసరిగా చేయాలి. నీళ్లు తీసేయాలి, కొవ్వు కలపాలి.

400 గ్రాముల క్యాబేజీని వీలైనంత సన్నగా తరగండి. మిక్సీలో వేస్తే ముద్దయి ఇంకా నీరొదులుతుంది, కత్తితోనే తరగండి. ఒక చెంచా ఉప్పు కలిపి పావుగంట ఉంచండి. తరువాత పలుచని నూలు గుడ్డలో మూటకట్టి రెండు చేతులతో మెలిపెట్టి పిండండి. మొదట ధారగా కారుతుంది, తరువాత చుక్కలుగా. చుక్కలు ఆగాక మూట విప్పి, కలియబెట్టి, మళ్లీ ఒకసారి పిండండి. ఆ రెండోసారి కూడా నీళ్లు వస్తాయి, చూసి మీరే ఆశ్చర్యపోతారు. మీ మొదటి విడతలో చుట్టాక లోపల ఊరి అడుగు చిరగడానికి కారణమైన నీళ్లు అవే. పారబోయకండి. క్యారెట్ ముక్కలు, మిరియాలు వేసి మరిగిస్తే బండ్ల దగ్గర మోమోలతో ఇచ్చే పలుచని సూప్ లాంటిది వస్తుంది. అందులో ఉప్పు ముందే ఉంది, మళ్లీ వేయకండి.

పిండిన క్యాబేజీకి తోడుగా తురిమిన క్యారెట్ 100 గ్రాములు, సన్నగా తరిగిన ఉల్లిపాయ ఒకటి, అంగుళం అల్లం, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, అర చెంచా మిరియాల పొడి, చిదిమిన పనీర్ 100 గ్రాములు విడివిడిగా సిద్ధం చేసుకోండి. పనీర్ వద్దనుకుంటే సోయా రవ్వను వేడినీళ్లలో నానబెట్టి, దాన్ని కూడా గట్టిగా పిండి వాడండి. మాంసం చేసే ముద్దకట్టే పనిని ఇవి చేస్తాయి. రెండు పెద్ద చెంచాల నూనె బాగా కాగాక ముందు అల్లం, వెల్లుల్లి, ఉల్లి వేసి, తరువాత కూరలన్నీ వేసి పెద్ద మంట మీద రెండే రెండు నిమిషాలు తిప్పండి. మంట తగ్గిస్తే మళ్లీ నీరూరుతుంది. పనీర్ దించాక కలపండి. సోయా సాసు ఒక చెంచాకు మించకూడదు, అది కూడా నీళ్లే, పైగా ఉప్పు. గరం మసాలా వేయవద్దని మాత్రం గట్టిగా చెబుతాను. వేస్తే సమోసా కూర రుచి వస్తుంది, అల్లం, మిరియం, క్యాబేజీల తీపి కలిసిన ఆ తేలికైన రుచి పోతుంది.

కూర పూర్తిగా చల్లారాకే చుట్టండి. గోరువెచ్చగా ఉన్నా సరే, ఆ వేడికి పైపొర లోపలివైపు చెమ్మగిల్లి పలచబడుతుంది. నేను కూర ముందురోజు రాత్రే చేసి ఫ్రిజ్‌లో పెడతాను.

ఒత్తడంలో ఒక్క కిటుకు ఉంది. పిండిని పెద్ద రేగుపండంత ఉండలు చేసుకోండి, పై కొలతకు ముప్పై వస్తాయి. ఒకటి చేసేటప్పుడు మిగతావి తడి గుడ్డ కిందే ఉండాలి. ఉండను అరచేత్తో అదిమి, ఎడమచేత్తో కొద్దికొద్దిగా తిప్పుతూ, కుడిచేత్తో కర్రను అంచు నుంచి మధ్య దాకా మాత్రమే నడపండి. మధ్యను ముట్టకండి. అంచు పలుచగా, నడుమ మందంగా మూడు అంగుళాల పూరీ రావాలి. అంచులు మడతల్లో ఒకదాని మీద ఒకటి పడి ఎలాగూ మందమవుతాయి. నడుమ భాగం కూర బరువు మోయాలి. అంతా ఒకే మందంలో ఒత్తితే పైన ముడి పచ్చిగా ఉంటుంది, అడుగు చిరుగుతుంది.

పూరీని ఎడమ అరచేతిలో దొప్పలా పట్టుకుని ఒక నిండు చెంచా కూర పెట్టండి. ఎడమ బొటనవేలితో కూరను లోపలికి అదుముతూ ఉండండి. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలితో అంచును చీర కుచ్చిళ్లు పెట్టినట్లు కొంచెం కొంచెం లాగి మడవండి. కుచ్చిళ్లు పెట్టేటప్పుడు బొటనవేలు ఒకేచోట ఉంటుంది, గుడ్డే దాని దగ్గరికి వస్తుంది కదా, ఇక్కడా అంతే. బొటనవేలు కదలదు, పూరీ తిరుగుతుంది. పన్నెండు, పద్నాలుగు కుచ్చిళ్లకు చుట్టు పూర్తవుతుంది. చివరన అన్నింటినీ కలిపి చిటికెతో ముడి మెలిపెట్టండి. అంచుకు కూర నూనె అంటితే ఆ మూతి అతకదు, ఆవిరిలో విచ్చుకుంటుంది, కాబట్టి కుడిచేయి పొడిగా ఉంచుకోండి. గుండ్రంగా రాకపోతే గరిజెలా మడిచేయండి. రుచిలో తేడా ఏమీ ఉండదు.

ఇప్పుడు ఆవిరి. ఇడ్లీ పాత్రలో అడుగు రేకుకు రెండు అంగుళాల కింద ఉండేలా నీళ్లు పోసి, నీళ్లు తెర్లి ఆవిరి బుసకొట్టాకే రేకులు దించండి. చల్లటి నీళ్ల మీద పెట్టి వేడి చేస్తే, ఆ వేడెక్కే పది నిమిషాలూ మోమో చెమ్మలో నానుతూ రేకుకు అంటుకుంటుంది. రేకు గుంటలకు నూనె రాసి, ఒక్కొక్క గుంటలో ఒక్కొక్కటి పెట్టండి. అంతకన్నా మంచి పద్ధతి, క్యాబేజీ పైఆకులు గుంటంత ముక్కలుగా చించి కింద పరచడం. ఆకు మీద నుంచి మోమో చిరగకుండా లేస్తుంది. మూత లోపలివైపు గుడ్డ కట్టండి, కొసలు మాత్రం మంటకు తగలకుండా పైకి ముడివేయండి. మూతకు పట్టిన నీరు చుక్కలుగా మోమోల మీద పడితే అక్కడ పైపొర కరిగి తెల్లటి మచ్చలు వస్తాయి. కుక్కరులో చేస్తే విజిల్ పెట్టవద్దు.

మీ రెండోసారి గట్టిదనానికి అసలు కారణం ఇక్కడుంది. ఇరవై నిమిషాలు ఉడికించానని రాశారు. నాకు నేర్పిన అమ్మాయి పదిహేను నిమిషాలు అని చెప్పింది. నేనూ అలాగే చేసేదాన్ని, ప్రతిసారీ కొంచెం గట్టిగా వచ్చేవి. తరువాత తనే ఒకరోజు లెక్క చెప్పింది. వాళ్ల గ్యాంగ్‌టక్ సుమారు 1,650 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడ నీళ్లు దాదాపు 95 డిగ్రీలకే మరుగుతాయి. మన వరంగల్ 300 మీటర్ల లోపే ఉంది, ఇక్కడ నీళ్లు 99 డిగ్రీల దాకా వెళ్తాయి. ఆవిరి వేడి ఎక్కువైనప్పుడు అంత సమయం అక్కర్లేదు. కూర ముందే వేగి ఉంటే మన దగ్గర తొమ్మిది, పది నిమిషాలు చాలు. తొమ్మిదో నిమిషంలో మూత తీసి చూడండి. పిండి తెల్లగా, పొడిగా కనిపించడం పోయి నిగనిగలాడుతూ, లోపలి క్యారెట్ రంగు లీలగా తెలుస్తుంది. వేలు నీళ్లలో ముంచి ముట్టుకోండి. వేలికి అంటకపోతే అయినట్లే. మంట ఆపి, మూత తీసి రెండు నిమిషాలు వదిలేశాకే రేకు నుంచి తీయండి. వెంటనే లాగితే ఎంత బాగా చేసినదైనా అడుగు వదులుతుంది.

పళ్లెంలో పెట్టగానే తినేయడమే దీనికి మర్యాద. గాలి తగిలితే పైపొర ఆరిపోతుంది, ఉడికిన పిండి చల్లారితే బిగుస్తుంది, దాన్ని ఎవరూ ఆపలేరు. ఆలస్యమైతే తడి గుడ్డ కప్పి ఉంచండి, తినే ముందు మూడు నిమిషాలు మళ్లీ ఆవిరి పట్టండి. మైక్రోవేవ్‌లో పెట్టకండి. పిల్లల కోసం దాచాలంటే ఉడికించకుండానే పళ్లెంలో విడివిడిగా పేర్చి ఫ్రీజర్‌లో గట్టిపడనిచ్చి, తరువాత సంచిలో వేసుకోండి. కరిగించకుండా అలాగే ఆవిరిలో పెట్టి నాలుగు నిమిషాలు అదనంగా ఉడికించండి.

చట్నీ విషయంలో వరంగల్ వాళ్లకు ఉన్న వసతి చాలా ఊళ్లకు లేదు. మోమో చట్నీకి కావలసింది కళ్లు చెదిరే ఎరుపు, నోరు భరించే కారం. మన చపాటా మిరప సరిగ్గా అలాంటిదే. పొట్టిగా, ఉబ్బుగా, టమాటాలా ఉంటుందని టమాటా మిర్చి అని కూడా అంటారు. రంగు చాలా ఎక్కువ, ఘాటు తక్కువ. 2025లో దీనికి జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా వచ్చింది. మిర్చి సీజన్‌లో ఎనుమాముల మార్కెట్ వైపు వెళ్తే తుమ్ములతోనే తెలుస్తుంది సరుకు వచ్చిందని. పచ్చళ్ల కోసం తెచ్చుకున్నప్పుడే పావుకిలో చపాటా ఎండుమిర్చి పక్కన పెట్టుకోండి. బాగా ఘాటుండే తేజ రకం మిర్చితో ఇదే చట్నీ చేస్తే, ఎరుపు రావడానికి వేయాల్సినన్ని కాయలు వేసేసరికి పిల్లలు ముట్టుకోలేనంత కారమవుతుంది.

మీరు మిరపకాయలను మూకుడులో వేయించి నూరానన్నారు. చేదు అక్కడే వచ్చింది. ఎండుమిరప తోలు పలుచన, నల్లబడటానికి క్షణం చాలు, నల్లబడ్డ ఒక్క కాయ చట్నీ అంతటినీ చేదు చేస్తుంది. ఈ చట్నీకి కాయలను వేయించవద్దు, ఉడికించండి. ఎనిమిది చపాటా కాయల తొడిమలు, గింజలు తీసి, నాలుగు పండిన టమాటాలతో కలిపి, మునిగేలా నీళ్లు పోసి పది నిమిషాలు ఉడకబెట్టండి. చల్లారాక టమాటా తొక్క తీసి, ఎనిమిది వెల్లుల్లి రెబ్బలు, రెండు చెంచాల నువ్వులతో మెత్తగా నూరండి. నువ్వులు చిన్న మంట మీద చిటపటలాడే వరకే వేయించాలి. గోధుమరంగు దాటితే అవీ చేదే. రెండు చెంచాల నూనెలో ఈ ముద్దను నాలుగైదు నిమిషాలు ఉడికించి, ఉప్పు, చిటికెడు చక్కెర వేసి, దించాక నిమ్మరసం పిండండి. మోమో ముంచితే అంటుకుని రావాలి, కారిపోకూడదు. బిగుసుకుపోతే మిరపకాయలు ఉడికిన నీళ్లే రెండు చెంచాలు కలపండి. ఫ్రిజ్‌లో నాలుగు రోజులు ఉంటుంది.

నేపాల్‌లో టమాటా, నువ్వులతో చేసే అచార్‌లో తిమూర్ అనే చిన్న గింజల లాంటి కాయలు నూరి వేస్తారు. నాలుక మీద సన్నగా జుమ్మంటుంది. ఎవరైనా ఆ వైపు నుంచి తెచ్చిపెడితే పావు చెంచా వేసి చూడండి. దొరకకపోతే వదిలేయండి, మిరియాలతో ఆ జుమ్మనడం రాదు.

బండి దగ్గర ఇచ్చే తెల్ల సాసు కూడా పిల్లలు అడుగుతారు. పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ను 2024 అక్టోబరు 30 నుంచి ఏడాది పాటు తెలంగాణ ప్రభుత్వం నిషేధించింది. అంతకుముందు హైదరాబాద్‌లో మోమోలు తిన్నవారు జబ్బుపడి, ఒక మహిళ చనిపోయిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. మన ఎండలకు పచ్చి గుడ్డు సాసు బండి మీద గంటలు గంటలు నిలబడకూడదు. ఇంట్లో దాని అవసరమే లేదు. గడ్డ పెరుగును గుడ్డలో కట్టి రెండు గంటలు వేలాడదీసి, ఉప్పు, మిరియాల పొడి, దంచిన వెల్లుల్లి రెబ్బ ఒకటి కలపండి. మా పిల్లలు ఎర్ర చట్నీలో ఒక మూల, ఇందులో ఒక మూల ముంచుకుని తింటారు.

ఈ ఆదివారం సగం కొలతతో పదిహేను మాత్రమే చేయండి. మొదట రెండే ఆవిరి మీద పెట్టి చూడండి. అడుగు అంటితే మిగిలిన పిండిలో పొడి మైదా ఒక చెంచా కలిపి పిసకండి, గట్టిగా వస్తే ఉడికే సమయం ఒక నిమిషం తగ్గించండి. ఆ రెండూ ఎలా వచ్చాయో ఇక్కడే రాయండి, మళ్లీ చూస్తాను.